రెడ్ సాక్సా, యాంకీసా? ఎవరి అభిమానం గట్టిదన్న వాదనను సక్రమంగా నడిపే పద్ధతి

బాస్టన్ నుంచి న్యూజెర్సీ వరకు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోకి బేస్‌బాల్ చాలావరకు పిల్లల వెంట వస్తుంది. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగనివారు కూడా, పిల్లవాడు బడి నుంచి ఏ టోపీ పెట్టుకుని వచ్చాడన్నదాన్ని బట్టి, రెండు మూడేళ్ళలో బాస్టన్ రెడ్ సాక్స్ పక్షానికో న్యూయార్క్ యాంకీస్ పక్షానికో చేరిపోతారు. చేరిన తరువాత వాదన తప్పదు. అది మొదట జట్ల మీద నడుస్తుంది, గెలుపోటముల లెక్కలన్నీ అయిపోయాక, “మీ జట్టు సంగతి సరే, మీ అభిమానుల సంగతేమిటి?” అన్న చోటికి వస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పరుగులను, విజయాలను రాసిపెట్టిన పుస్తకాలున్నాయి గాని అభిమానాన్ని తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు.

మేము ఉండేది కనెటికట్ రాష్ట్రంలో, హార్ట్‌ఫర్డ్ దగ్గర. రెండు పక్షాల మధ్య సరిహద్దు ఈ రాష్ట్రం మీదుగానే పోతుంది. దానికి యాంకీస్ క్యాచర్ థర్మన్ మన్సన్ పేరునూ, రెడ్ సాక్స్ ఆటగాడు ట్రాట్ నిక్సన్ పేరునూ కలిపి మన్సన్-నిక్సన్ రేఖ అని సరదాగా పేరు కూడా పెట్టారు. మా బావగారు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు, ఆయన యాంకీస్ మనిషి. మా తమ్ముడు బాస్టన్ దగ్గర ఫ్రేమింగ్‌హామ్‌లో ఉంటాడు, వాడికి రెడ్ సాక్స్ అంటే ప్రాణం. ప్రతి లేబర్ డే సెలవులకూ ఇద్దరూ కుటుంబాలతో మా ఇంటికే వస్తారు కనుక తీర్పరి పదవి నేను అడగకుండానే నాకు దక్కింది. వాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకున్న పద్ధతిని వాదించేవారికీ, నాలాగా మధ్యలో ఇరుక్కున్నవారికీ పనికివచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

వాదన దేని మీదో ముందు తేల్చుకోండి

యాంకీస్ పక్షంవారు నోరు తెరిస్తే మొదట వచ్చే అంకె 27. అన్ని వరల్డ్ సిరీస్‌లు, అంటే ఏటా రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే అంతిమ పోటీలు, గెలిచిన జట్టు మరొకటి లేదు. రెడ్ సాక్స్ గెలిచినవి 9. ఇందులో వివాదమేమీ లేదు, కాని ఆ 27 విజయాలూ ఆటగాళ్ళు సాధించినవి. స్టాండ్స్‌లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకున్నవారు సాధించినవి కావు. కాబట్టి తీర్పరిగా కూర్చున్నవారు మొదటి నిమిషంలోనే ఒక నియమం పెట్టాలి: జట్టు ఘనత అభిమానుల ఖాతాలో జమ పడదు. మా ఇంట్లో ఈ నియమం పెట్టిన రోజున బావగారు నా వంక నొచ్చుకున్నట్టు చూసి, “అయితే ఇక నేను మాట్లాడటానికేముంది?” అన్నారు. చాలా ఉందని ఆయనకు తరువాత తెలిసింది.

రెండో నియమం మనలాంటి వలస వచ్చినవారికి ప్రత్యేకంగా అవసరం. బాస్టన్ చుట్టుపట్ల న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఈ అభిమానం తాతల నాటి ఆస్తిగా వస్తుంది. 1918 నుంచి 2004 వరకు 86 ఏళ్ళపాటు వరల్డ్ సిరీస్ గెలవని జట్టును మూడు తరాలు అంటిపెట్టుకున్న ఇళ్ళు అక్కడ ఉన్నాయి. మన ఇళ్ళకు ఆ చరిత్ర లేదు. కనుక ఎవరైనా తాను చూసిన సంవత్సరాలనే తన సాక్ష్యంగా చెప్పుకోవాలి. మా తమ్ముడు 2003 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి వచ్చాడు. ఆ అక్టోబరులో, రూమ్మేట్లు పెట్టిన టీవీలో, యాంకీస్ ఆటగాడు ఆరన్ బూన్ 11వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టి రెడ్ సాక్స్‌ను ఇంటికి పంపడం చూశాడు. మరుసటి ఏడాదే వాడి జట్టు చాంపియన్ అయింది. “86 ఏళ్ళు ఏడ్చాం” అని వాడు మొదలుపెట్టినప్పుడల్లా బావగారు, “నువ్వు ఏడ్చింది ఒక్క ఏడాదే కదయ్యా!” అంటారు. ఆ మాటకు జవాబు లేదు. 1997లో అమెరికా వచ్చిన బావగారి సంగతి ఇంకా సుఖం: వచ్చాక 1998, 1999, 2000 సంవత్సరాల్లో వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు చూశారు.

టికెట్ల లెక్కను విప్పి చూడండి

వాదనలో రెండో అస్త్రం ప్రేక్షకుల సంఖ్య. 2005 నుంచి 2008 వరకు నాలుగు సీజన్లలోనూ యాంకీస్ సొంత మైదానంలో ఏటా 40 లక్షలకు మించి టికెట్లు అమ్మారు. 2008లో ఆ లెక్క దాదాపు 42 లక్షల 98 వేలు. రెడ్ సాక్స్ ఏనాడూ ఆ దరిదాపులకు రాలేదు. వినడానికి ఇది తిరుగులేని సాక్ష్యంలాగే ఉంటుంది. అయితే బాస్టన్‌లోని ఫెన్వే పార్క్ 1912 ఏప్రిల్ 20న మొదలైన పాత మైదానం. చుట్టూ వీధులు బిగించి ఉండటం వల్లనే ఎడమవైపు 37 అడుగుల ఎత్తున గ్రీన్ మాన్‌స్టర్ అనే ఆకుపచ్చ గోడ లేచింది. అందులో పట్టేది 37 వేల చిల్లర మంది. ఒక సీజన్‌లో సొంత మైదానంలో 81 ఆటలు ఉంటాయి కనుక ప్రతి ఆటా నిండినా 30 లక్షల దగ్గర ఆగిపోవలసిందే. యాంకీస్ పాత స్టేడియంలో దాదాపు 57 వేల సీట్లుండగా 2008లో సగటున నిండినవి 53 వేలు. కుండ పెద్దదైతే పట్టే నీళ్ళు ఎక్కువ. దాన్ని బట్టి దాహం ఎవరిది ఎక్కువో చెప్పలేం. సంఖ్య చెప్పేవారిని ఎప్పుడూ, “ఎన్ని సీట్లలో?” అని అడగండి.

ఈ మాట వినగానే రెడ్ సాక్స్ పక్షం ఉత్సాహపడి ఫెన్వే హౌస్‌ఫుల్ రికార్డును బయటికి తీస్తుంది. 2003 మే 15న మొదలై, సీజన్ ముగిశాక జరిగే ప్లేఆఫ్ ఆటలతో కలిపి 820 ఆటలపాటు ఫెన్వే నిండిందని జట్టు ప్రకటించింది. 2013 ఏప్రిల్ 10న 30,862 మందితో ఆ వరస తెగింది. ఇక్కడ అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది, ఇందులో లెక్కకు వచ్చేది మనుషులా, టికెట్లా? మేజర్ లీగ్ ప్రకటించే ప్రేక్షకుల సంఖ్య అమ్మిన టికెట్ల సంఖ్యే గాని గేటు దాటిన మనుషుల సంఖ్య కాదు. 2012లో జట్టు 69 ఆటలు గెలిచి 93 ఓడి అట్టడుగున పడిన కాలంలో, టీవీలో ఖాళీ సీట్లు కళ్ళకు కనిపిస్తుండగానే హౌస్‌ఫుల్ ప్రకటనలు సాగడం మీద బాస్టన్‌లోనే విమర్శలు వచ్చాయి. తెలుగువారికి ఈ కిటుకు కొత్తగా చెప్పనక్కరలేదు. వందరోజుల సినిమాల్లో కొన్ని ఏ లెక్కన వంద రోజులు ఆడాయో మనందరికీ తెలుసు. రెండో ప్రశ్న, ఆ వరస ఎప్పుడు మొదలైందన్నది. 2003లో జట్టు గెలుస్తోంది. గెలిచే జట్టుకు మైదానం నిండటం సహజం.

యాంకీస్ పక్షానికి కూడా ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. 2009లో కొత్త స్టేడియం తెరిచినప్పుడు ముందు వరస సీట్లలో కొన్నింటి ధర ఒక్క ఆటకు 2,500 డాలర్ల దాకా పెట్టారు. ఆ సీట్లు ఖాళీగా ఉండిపోయాయి. కెమెరా సరిగ్గా వాటి మీదే ఉంటుంది కనుక ఆ ఖాళీని దేశమంతా చూసింది. అయితే ఇది అభిమానుల లోపమని అనడం న్యాయం కాదు. జీతం రాళ్ళతో బతికేవాడు పై వరసలో కూర్చుంటాడు, కింద ఖాళీ సీటు చూసి ఎదుటివాడు వాడిని ఎగతాళి చేస్తాడు.

ఈ లెక్కల్లో నాకు బాగా పనికివచ్చిన సంగతి మరొకటి ఉంది. రెడ్ సాక్స్ 2013లో వరల్డ్ సిరీస్ గెలిచిన సీజన్‌లో ఫెన్వేకు అమ్మిన టికెట్లు సుమారు 28 లక్షల 33 వేలు. 2014లో మళ్ళీ అట్టడుగున పడిన సీజన్‌లో అమ్మినవి సుమారు 29 లక్షల 56 వేలు. చాంపియన్ అయిన ఏడాది తక్కువ, చిత్తుగా ఓడిన ఏడాది ఎక్కువ! దీన్ని చూసి మా తమ్ముడు తమది నిష్కామ భక్తి అని ఎగిరి గంతేశాడు. విషయం అది కాదు. సీజన్ టికెట్లు చలికాలంలోనే అమ్ముడవుతాయి. అంటే ఒక ఏడాది ప్రేక్షకుల సంఖ్యలో చాలావరకు కనిపించేది ముందటి ఏడాది ఆట మీద కలిగిన మనసు. 2012 నాటి రోత 2013 లెక్కలోకి వచ్చింది, 2013 నాటి పండుగ 2014 లెక్కలోకి వచ్చింది. టికెట్ల లెక్క చూపించేవారి చేత ఒక ఏడాది వెనక్కి జరిపి చదివించండి. సగం వాదనలు అక్కడే సద్దుమణుగుతాయి.

409, 413

అభిమానాన్ని గెలిచిన రోజుల్లో కాదు, ఓడిన రోజుల్లో చూడాలని అందరూ అంటారు. అనడం తేలిక. నిజంగా వెళ్ళి చూస్తే రెండు పక్షాలకూ తలవంపులుగా ఉంటుంది.

1965లో రెడ్ సాక్స్ సరిగ్గా 100 ఆటలు ఓడారు. ఆ సెప్టెంబరు 16న బాస్టన్ పిచర్ డేవ్ మోర్‌హెడ్ ఫెన్వేలో నో-హిట్టర్ వేశాడు; అంటే ఆట మొత్తంలో ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఒక పిచర్ జీవితంలో ఒకసారి జరిగినా గొప్పే అనుకునే ఆ ఘనతను చూడటానికి వచ్చినవారు 1,247 మంది. మరో రెండు వారాలకు, సెప్టెంబరు 29న, ఫెన్వేకు వచ్చిన ప్రేక్షకులు 409 మంది. ఒక మోస్తరు పెళ్ళికి మనవైపు అంతకన్నా ఎక్కువమంది వస్తారు.

ఇది విని యాంకీస్ పక్షం నవ్వే లోపలే రెండో అంకె చెప్పాలి. 1966లో యాంకీస్ పది జట్ల లీగ్‌లో పదో స్థానంలో నిలిచారు. సెప్టెంబరు 22న, అరవై వేలకు పైగా పట్టే యాంకీ స్టేడియంలో ఉన్నది 413 మంది. ఆనాటి టీవీ వ్యాఖ్యాత రెడ్ బార్బర్, ఈరోజు వార్త ఆట కాదు, ఖాళీ స్టాండ్సే అన్న ఉద్దేశంతో, కెమెరాను ప్రేక్షకుల వైపు తిప్పమని అడిగాడు. తిప్పలేదు. అయినా ఆయన ఉన్న సంగతి ఉన్నట్టు మాటల్లో చెప్పాడు. కొద్ది రోజులకే ఆయన కాంట్రాక్టును పొడిగించబోమని యాజమాన్యం తెలియజేసింది. రెండేళ్ళ ముందు, 1964లో, ఇదే యాంకీస్ లీగ్ గెలిచి వరల్డ్ సిరీస్ ఆడారు. ఆ ఏడాది కూడా న్యూయార్క్‌లో ఎక్కువ టికెట్లు అమ్ముకున్నది 109 ఆటలు ఓడి అట్టడుగున ఉన్న మెట్స్ జట్టే. మెట్స్‌కు షే స్టేడియం అప్పుడే కొత్తగా తెరుచుకుంది, పక్కనే వరల్డ్ ఫెయిర్ నడుస్తోంది. ఆ కారణాలున్న మాట నిజమే గాని, గెలిచే జట్టును వదిలి ఓడే జట్టును చూడటానికి ఊరు ఊరంతా వెళ్ళిందన్నది యాంకీస్ పక్షానికి మింగుడుపడని సంగతే. 1972లో వారి ప్రేక్షకుల సంఖ్య పది లక్షలు కూడా దాటలేదు.

ఈ రెండు అంకెలను వాడే పద్ధతి ఒకటుంది. ఎదుటివారి అంకెను మీరు బయటపెట్టకండి. మీ అంకెను మీరే ముందు చెప్పండి. “మా ఫెన్వేలో 409 మంది కూర్చున్న రోజు కూడా ఉంది” అని రెడ్ సాక్స్ అభిమాని తనంతట తానే అంటే, ఎదుటివారికి 413 దాచుకునే వీలుండదు, దెప్పే వీలూ ఉండదు. తన లోపం తానే చెప్పుకున్నవాడి మాటకు ఆ తరువాత విలువ పెరుగుతుంది. మొదటిసారి మా తమ్ముడు దీనికి తిరగబడ్డాడు: “నా చేత్తో నేనే వాళ్ళకు కర్ర ఇవ్వనా అన్నయ్యా?” అన్నాడు. రెండోసారి ప్రయత్నించి చూశాడు. బావగారు ఒక్క క్షణం తెల్లబోయి, ఫోన్‌లో వెతుక్కుని, “మాకు నలుగురు ఎక్కువే వచ్చారు” అన్నారు. ఆ పూట వాళ్ళ మధ్య నేను విన్న అతి నిజాయితీ గల మాటలు అవే.

1967లో కార్ల్ యస్ట్రెమ్‌స్కీ విజృంభించి ఆడి, సీజన్ చివరి రోజున రెడ్ సాక్స్ లీగ్ గెలిచిన తరువాతే ఫెన్వే మళ్ళీ నిండింది. 8 లక్షల దగ్గర ఉన్న ప్రేక్షకులు ఒక్క ఏడాదిలో 17 లక్షలు దాటారు. కాబట్టి రెడ్ సాక్స్ దేశం అని నేడు చెప్పుకునే ఆ అచంచల భక్తికి గట్టి పునాది 1918లో కాక 1967లో పడిందన్నది నా అభిప్రాయం. బాస్టన్‌లో ఈ మాట గట్టిగా అనవద్దు.

దుఃఖం చెప్పుకునేవారిని ఎలా వినాలి

రెడ్ సాక్స్ పక్షానికి అసలు బలం కన్నీళ్ళ కథల్లో ఉంది, అవి మంచి కథలు కూడా. 1919 డిసెంబరులో మేటి ఆటగాడు బేబ్ రూత్‌ను యాంకీస్‌కు లక్ష డాలర్లకు అమ్మడం. 1946, 1967, 1975, 1986 వరల్డ్ సిరీస్‌లు నాలుగూ ఏడో ఆటలో పోవడం. 1978లో పద్నాలుగు ఆటల ఆధిక్యం కరిగిపోయి, అక్టోబరు 2న ఫెన్వేలో జరిగిన ఒకే ఒక్క నిర్ణాయక ఆటలో, పెద్ద కొట్టుడుగాడని పేరు లేని యాంకీస్ ఆటగాడు బకీ డెంట్ గ్రీన్ మాన్‌స్టర్ మీదుగా హోమ్ రన్ కొట్టడం. వీటిని విననివ్వండి, తొందరపెట్టకండి. అయితే రెండు సవరణలు చేయాలి. రూత్ అమ్మకం వల్ల శాపం తగిలిందన్న కథ జనంలో బాగా పాకింది 1986 ఓటమి తరువాతే గాని, అమ్మిన నాటి నుంచి నోటి మీద ఉన్నది కాదు. రెండో సవరణ ముఖ్యమైనది: బాధ పడటం వేరు, అంటిపెట్టుకుని ఉండటం వేరు. బాధ ఎవరికైనా కలుగుతుంది. తెల్లవారి మళ్ళీ రేడియో పెట్టాడా లేదా అన్నదే ప్రశ్న.

ఆ బాధలో అభిమానులు ఎలా ప్రవర్తించారన్నది కూడా లెక్కలోకి రావాలి. బిల్ బక్నర్ సంగతి ఇందుకు చూడాలి. 1986 ఆరో ఆట పదో ఇన్నింగ్స్‌లో, ఒక్క స్ట్రైక్ పడితే చాంపియన్లు అయ్యే చోట నుంచి బాస్టన్ జారింది. మెల్లగా దొర్లుతూ వచ్చిన బంతి ఫస్ట్ బేస్ దగ్గర ఉన్న బక్నర్ కాళ్ళ మధ్య నుంచి పోయింది, న్యూయార్క్ మెట్స్ గెలిచారు. కాని ఆ బంతి వచ్చే సరికే అదుపు తప్పిన ఒక పిచ్ వల్ల స్కోరు సమమైపోయింది. పైగా ఏడో ఆట ఇంకా మిగిలే ఉంది, దాన్నీ జట్టంతా కలిసి ఓడింది. నింద మాత్రం ఒక్కడి నెత్తిన పడింది. 1990లో ఆయన తిరిగి జట్టులోకి వచ్చినప్పుడు ఫెన్వే లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మాట నిజమే. అయినా వెటకారాలు ఆగలేదు, ఆయన కుటుంబంతో ఐడహో వెళ్ళిపోయాడు. 2008 ఏప్రిల్ 8న మొదటి బంతి వేయడానికి ఆయనను ఫెన్వేకు పిలిచారు. గ్రీన్ మాన్‌స్టర్ దగ్గర నుంచి ఆయన ఒక్కడే పచ్చిక మీద నడుచుకుంటూ వస్తుంటే, జనమంతా లేచి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి బంతి వేశాడు. రెడ్ సాక్స్ అభిమాని తన ప్రేమను గురించి చెప్పదలిస్తే ఈ కథ మొత్తం చెప్పాలి, చివరి సగం మాత్రమే కాదు.

ఇక 2004 సంగతి. ఆ అక్టోబరులో ఈ రెండు జట్ల మధ్య జరిగిన ఏడు ఆటల లీగ్ ఫైనల్లో యాంకీస్ మొదటి మూడు ఆటలూ గెలిచారు, మూడోదానిలో 19-8 తేడాతో నలిపేశారు. నాలుగో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బాస్టన్ ఆటగాడు డేవ్ రాబర్ట్స్ సెకండ్ బేస్ దొంగిలించాడు (పిచర్ బంతి వేస్తుండగానే పరుగెత్తి చేరుకున్నాడు), బిల్ మ్యూలర్ కొట్టిన దెబ్బకు స్కోరు సమమైంది, రాత్రి ఒంటిగంట దాటాక డేవిడ్ ఆర్టీజ్ హోమ్ రన్‌తో ఆట ముగిసింది. ఆ తరువాత మూడూ గెలిచి, అలాంటి స్థితి నుంచి లేచిన మొదటి మేజర్ లీగ్ జట్టు అయ్యారు. వరల్డ్ సిరీస్ గెలిచాక న్యూ ఇంగ్లండ్‌లో ఎందరో తమ తండ్రుల, తాతల సమాధుల దగ్గరికి జెండాలు, ఆ రోజు పత్రికలు తీసుకువెళ్ళారు. నా లెక్కలో రెడ్ సాక్స్ పక్షాన ఇంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు, ఎందుకంటే అందులో ఎవరికీ ఏ లాభమూ లేదు. అయితే 2004 తరువాత ఆ పక్షం దుఃఖాన్ని మూలధనంగా వాడుకునే హక్కు పోగొట్టుకుంది. 2007, 2013, 2018 కూడా వాళ్ళవే. ఆ కాలంలో యాంకీస్‌కు దక్కింది ఒక్క 2009.

గెలుపు తరువాత వచ్చి చేరిన కొత్త అభిమానులను బాస్టన్‌లో గులాబి టోపీలవాళ్ళని వెక్కిరిస్తారు. ఏ ఎండకా గొడుగు పట్టేవారు అన్ని చోట్లా ఉంటారు గాని, ఈ మాట ఆడవాళ్ళ మీదికి విసిరే రాయి. మా మరదలు తమ్ముడికన్నా ఎక్కువ ఆటలు చూస్తుంది. ఆ మాటను మీ వాదనలోకి రానివ్వకండి.

ఖరీదైన సాక్ష్యం అడగండి

మాటలు ఎవరైనా చెబుతారు. అభిమాని తన డబ్బో, సమయమో, పరువో పణంగా పెట్టిన సందర్భం ఏదైనా ఉంటే అది చెప్పమనాలి. యాంకీస్ పక్షాన దీనికి మంచి జవాబు ఉంది: స్టేడియంలో కుడివైపు 203వ సెక్షన్. అక్కడి బ్లీచర్స్ అనే చవక సీట్లలో కూర్చునేవారు ప్రతి ఆటా మొదటి ఇన్నింగ్స్‌లో, మైదానంలో నిలబడ్డ యాంకీస్ ఆటగాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి లయగా పిలుస్తారు. ఆటగాడు వెనక్కి తిరిగి చెయ్యో గ్లవో ఊపేదాకా ఆ పిలుపు ఆగదు. ఊపగానే తరువాతి పేరు అందుకుంటారు. ఏప్రిల్ చలిలో, మంగళవారం సాయంత్రం, ఏ ప్రాధాన్యమూ లేని ఆటకు కూడా ఆ హాజరు పట్టీ తప్పదు. డబ్బున్న జట్టు వెనక డబ్బున్న జనం అన్న ఎత్తిపొడుపుకు నాకు తెలిసినంతలో ఇదే సరైన జవాబు.

బాస్టన్ పక్షాన చెప్పే కథ ఇంకా విచిత్రం. కొత్త యాంకీ స్టేడియం కడుతున్నప్పుడు, అక్కడ పనిచేసిన ఒక కార్మికుడు, బ్రాంక్స్‌లో ఉంటూనే రెడ్ సాక్స్ అభిమాని అయినవాడు, డేవిడ్ ఆర్టీజ్ జెర్సీని కాంక్రీటులో పాతిపెట్టాడు. 2008 ఏప్రిల్‌లో సంగతి బయటికి పొక్కడంతో గంటల తరబడి కాంక్రీటు తవ్వి దాన్ని తీయించారు. ఆ చిరిగిన జెర్సీని యాంకీస్, బాస్టన్‌లోని క్యాన్సర్ సేవా సంస్థ జిమ్మీ ఫండ్‌కు ఇవ్వగా, వేలంలో 1,75,100 డాలర్లు పలికింది. దీన్ని ఎవరి ఖాతాలో వేయాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. పాతినవాడి పిచ్చి గొప్పదని తమ్ముడు; ఒక గుడ్డముక్క కోసం కాంక్రీటు తవ్వించిన మావాళ్ళ పట్టింపు ఇంకా గొప్పదని బావగారు.

హద్దులు

రెడ్ సాక్స్ అభిమానులు యాంకీస్‌ను తిట్టే నినాదాన్ని యాంకీస్ లేని ఆటల్లోనూ అందుకునేవారు. దాన్ని అభిమానానికి సాక్ష్యంగా చూపితే ఒప్పుకోకండి. తన జట్టు ఆడుతుండగా మరో జట్టును తలచుకుంటున్నాడంటే అభిమానం ఎవరి మీద ఉన్నట్టు? యాంకీస్ అభిమానులు ఏళ్ళ తరబడి అరిచిన “1918” కూడా 2004తో చెల్లిపోయిన నాణెం. వాదనలో వాడితే వాడినవారికే నష్టం.

వేడెక్కినప్పుడు చల్లార్చడానికి కొన్ని సంగతులు దగ్గర పెట్టుకోండి. 2005 ఏప్రిల్ 11న ఫెన్వేలో, అంతకు ముందు అక్టోబరులో బాస్టన్ చేతిలో దెబ్బతిన్న యాంకీస్ పిచర్ మరియానో రివెరా పేరు చదవగానే జనం వెటకారంగా హోరెత్తించారు. ఆయన నవ్వుతూ అభివాదం చేసి ఆ వెటకారాన్నే స్నేహంగా మార్చేశాడు. 2013 ఏప్రిల్ 15న బాస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలితే, మరునాడే యాంకీ స్టేడియంలో, ఫెన్వేలో ఎనిమిదో ఇన్నింగ్స్ మధ్య పాడుకునే ‘స్వీట్ కారొలైన్’ పాట వేశారు. 2014 సెప్టెంబరు 28న యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్ తన చివరి ఆట ఆడింది ఫెన్వేలోనే. ఇరవై ఏళ్ళు తమను ఏడిపించిన మనిషి పేరును బాస్టన్ జనం నిలబడి పలికారు.

తీర్పు చెప్పవలసి వస్తే

చెప్పకపోవడమే ఉత్తమం, కాని బంధువులు వదలరు. అప్పుడు నేను చూసేది ఒక్కటే: ఇటీవలి కాలంలో ఎవరి అభిమానానికి పరీక్ష జరిగింది? రెడ్ సాక్స్ 2012, 2014, 2015, 2020, 2022, 2023 సీజన్లలో తమ డివిజన్‌లో అట్టడుగున నిలిచారు. యాంకీస్ 1992 తరువాత గెలుపులకన్నా ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటి కూడా చూడలేదు. ముప్పై ఏళ్ళలోపు యాంకీస్ అభిమానికి తన జట్టు నిజంగా మునిగిపోవడమంటే ఏమిటో తెలియదు. వాడి అభిమానం తక్కువని దీని అర్థం కాదు. వాడికి ఇంకా పరీక్ష పెట్టలేదని అర్థం. బాస్టన్‌వాళ్ళు పరీక్ష రాశారు, మార్కులు మధ్యస్థంగా వచ్చాయి.

పోయిన లేబర్ డేకి ఇదే మాట చెప్పాను. తమ్ముడు పళ్ళెంలో పెరుగన్నం కలుపుకుంటూ, “విన్నారా బావగారూ, మీ భక్తి ఎంతో తెలియాలంటే ముందు మీవాళ్ళు ఓ పదేళ్ళు వరసగా ఓడాలి” అన్నాడు. బావగారు కాసేపు ఆలోచించారు. “అయితే ఆ పరీక్ష నాకొద్దయ్యా, నన్ను తప్పినట్టే రాసుకోండి” అని ఆవకాయ ఇటు జరపమన్నారు.